సవతి సర్వర్

భార్య ఆస్పత్రిలో కన్నుమూసిన రోజు గూఢచారి డిపార్ట్‌మెంట్ అతన్ని సముద్రం అవతల ఒక హోటల్లో వెయిటర్ వేషంలో నిలబెట్టింది. కబురు తొక్కిపెట్టి, మిషన్ ముగిశాక చెప్పింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ మేస్త్రి. ఏదైనా సొంతంగా కట్టుకునే మనిషి. ఇంట్లో పుస్తకాల అలమర కింద సర్వర్ కూడా తనే కూర్చుకున్నాడు. ఫొటోలు, పాటలు పరాయి కంపెనీ చేతుల్లో ఉండకూడదని పంతం. అప్‌డేట్ చేస్తే పాటలు మూగబోయేవి. రూటర్ అలిగితే ఆదివారం దానికే సరిపోయేది. అన్నీ కుదిరిన రోజున మాత్రం, ఆవిడ అడిగిన పాట తన పెట్టెలోంచి వెళ్లి వంటగదిలో మోగుతుంటే, రాజ్యం గెలిచినవాడిలా తిరిగేవాడు.

ఆవిడ దానికి ‘సవతి’ అని పేరు పెట్టింది. “నాకు జ్వరమొస్తే ఫోన్లో పలకరిస్తారు. అది వేడెక్కితే సెలవు పెడతారు,” అనేది.

ఆస్పత్రి మంచం మీంచి అతని కోసం రికార్డు చేసిన మాటలన్నీ ఆవిడ ఆ సవతి దగ్గరే దాచింది. ఇంకెక్కడా లేవు. రోజూ ఒకటి వినేవాడు. చివరిది మాత్రం ముట్టుకోలేదు. వింటే అయిపోతుంది.

ఒక మధ్యాహ్నం బాస్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. తమ ఏజెంట్ నెమలి డబుల్ ఏజెంట్ అని తేలింది. విదేశాల్లో ఉన్న తమవాళ్లు ముగ్గురి ఫొటోలు, అడ్రసులు దొంగిలించి శత్రుముఠాకు బేరం పెట్టింది. ఆ ఫైల్ ఎక్కడుందో పట్టుకోవాలి.

లిఫ్ట్ మెకానిక్ వేషంలో మేస్త్రి, ఊళ్లోనే ఆమె దిగిన హోటల్ పై అంతస్తుకి వెళ్లాడు. పట్టు గౌనులో, ముత్యాల దుద్దులతో నెమలి కాఫీ తాగుతోంది. అతని టూల్‌బాక్స్‌లో పిస్టల్ కనిపించినా కప్పు కింద పెట్టలేదు. ఫోన్ అతనివైపు తిప్పింది. స్క్రీన్ మీద శత్రుముఠా చేసుకుంటున్న డౌన్‌లోడ్ ఎనభై శాతం.

“వెతికే శ్రమ మీకెందుకని ఫైల్ మీ ఇంట్లోనే పెట్టాను, మేస్త్రి గారూ.”

భార్య పోయాక ఆమె పరామర్శకు వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్న రోజు. అతను మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు సర్వర్‌కి ఒక పెన్‌డ్రైవ్ గుచ్చింది. అంతే.

చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో బాస్ చెబుతున్నాడు. టీమ్ ఇంటికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. ఫైల్ పూర్తిగా దిగితే తప్ప తెరుచుకోదు, కానీ దిగిపోతోంది. పాస్‌వర్డులన్నీ ఆమె మార్చేసింది. మిగిలింది, ఇంట్లో దొంగలు పడితే పనికొస్తుందని మేస్త్రి కట్టుకున్న ఎరేజ్ కమాండ్ ఒక్కటే. ఫోన్ నుంచి ‘సవతి’ అని మెసేజ్ పంపితే డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది.

నిబ్బరంగా ఫోన్ తీశాడు. సర్వర్ లోపల రెండో డిస్క్ ఉంది, ఆవిడ మాటలు అందులోనూ ఉన్నాయి. ఆ ధైర్యంతోనే ఇన్నాళ్లూ నిద్రపోయాడు.

నెమలి నవ్వింది. “రెండోది ఉందనా? అది కాపీ కాదండీ, అద్దం. ఇందులో చెరిపితే అందులోనూ చెరుగుతుంది. ఇన్నేళ్లు సర్వర్ నడిపారు, ఆ మాత్రం తెలీదా?”

వేలు ఆగిపోయింది. డిస్క్ చెడిపోతే అద్దం కాపాడుతుంది, చెరిపే చేతి నుంచి కాపాడదు. విడిగా కాపీ తీయాలని ప్రతి ఆదివారం అనుకున్నాడు. ప్రతి ఆదివారం ఇంకేదో రిపేరు వచ్చింది.

“అందుకే అక్కడ దాచాను. ఆవిడ గొంతు మీరు చెరపలేరు.”

తొంభై ఐదు. ఇయర్‌పీస్‌లో బాస్ గొంతు తగ్గించాడు. “ఆ ముగ్గురిలో ఒకడికి మొన్ననే పెళ్లయిందయ్యా.”

చివరి రికార్డింగ్ ఎంత పొడుగో కూడా మేస్త్రికి తెలియదు. మూడక్షరాలు టైప్ చేశాడు. పంపాడు. స్క్రీన్ మీది అంకె తొంభై తొమ్మిది దగ్గర కొయ్యబారింది.

కాఫీ కప్పు కింద పెట్టి నెమలి అడిగింది. “మీరు అసలు మనిషేనా?”

“డ్యూటీలో ఉన్నాను,” అని బేడీలు వేశాడు.

సాయంత్రం మేస్త్రి ఇంట్లో టెక్నీషియన్ రెండు డిస్కులూ పరీక్షించి తల అడ్డంగా ఊపాడు. బాస్ గుమ్మంలోనే నిలబడి, డిపార్ట్‌మెంట్ ఖర్చుతో కొత్త సర్వర్ కొనిస్తామన్నాడు. ఈసారి బ్యాకప్‌తో సహా.

“బ్యాకప్ తీయడానికి ఏముంది సార్?”

మేస్త్రి ప్లగ్ పీకాడు. ఫ్యాన్ చప్పుడు ఆగాక ఇల్లెంత పెద్దదో తెలిసింది.

“మిషన్ సక్సెస్ అని రాసుకోండి. ఈ సంగతి మళ్లీ నా దగ్గర ఎత్తకండి. నేనూ ఎత్తను.”