ఉలుకూ పలుకూ లేని ఇల్లు

పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టి వెనక్కి తిరిగిన ఆనందమ్మ నిలబడిపోయింది. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టిన ఐదు నెలల ధనంజయ బోర్లా పడి ఉన్నాడు. తల పైకెత్తి, తాను చేసిన ఘనకార్యానికి తానే ఆశ్చర్యపోతున్నట్టు కళ్ళు పెద్దవి చేసి తల్లిని చూస్తున్నాడు.

“ఓరి నా తండ్రీ! నువ్వే తిరిగినావా?”

పరుగున వెళ్ళి ఎత్తుకుని ముద్దులు పెట్టింది. ఈ సంతోషం ఎవరికైనా చెప్పాలి. తిరుపతిలో పుట్టింట్లో అయితే ఈపాటికి వీధి ఆడవాళ్ళంతా వచ్చి చూసేవారు. అమ్మ బొబ్బట్లకు పప్పు నానబోసేది. ఇక్కడ ఎవరున్నారు?

కార్వేటినగరం దాటాక కొండ కింద ఒంటరిగా ఉన్న ఇల్లది. ఇల్లు, గొర్రెల దొడ్డి, బావి, అంతే. భర్త మునిరత్నం ఉగాది కాగానే సగం మందను తోలుకుని తడ వైపు వెళ్ళాడు. అక్కడి రైతులు కోతలైన పొలాల్లో ఎరువు కోసం రాత్రుళ్ళు గొర్రెలను కట్టించుకుంటారు. వానలు పడితే గానీ తిరిగి రాడు. ఆనందమ్మ పెళ్ళికి ముందే అత్త పోయింది. మిగిలింది మామ కుప్పయ్య ఒక్కడే.

ఆయన ఇటు వీపు పెట్టి దొడ్డి తడిక తీస్తున్నాడు.

“మామా, పిల్లోడు బోర్లపడినాడు!”

కుప్పయ్య తిరగలేదు. ఆమె మళ్ళీ పిలిచింది. ఆయన గొర్రెలను బయటికి వదిలి, కర్ర భుజాన వేసుకుని, వాటి వెంట దుమ్ములో కలిసిపోయాడు. గడపలో బిడ్డతో నిలబడిన ఆనందమ్మకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

పురిటి తర్వాత ఆమె తిరిగి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఏదన్నా అడిగితే ‘ఊఁ’ అంటాడు, లేకపోతే లేచి పక్కకు వెళ్ళిపోతాడు. తల వంచుకుని తిని చెయ్యి కడుక్కుంటాడు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా నులకమంచం మీంచి కదలడు. పెద్దవాళ్ళ పద్ధతేమోనని మొదట సర్దుకుంది. తర్వాత, తనంటేనే గిట్టదని అనుకుంది. కొన్ని మధ్యాహ్నాలు దొడ్డి దగ్గర నిలబడి, ఆ పూట ఏం వండిందో గొర్రెపిల్లలకు చెప్పేది. ఒకరోజు తన గొంతు తనకే కొత్తగా వినిపించి భయమేసింది.

ఇంక ఆమె వల్ల కాలేదు. పొయ్యిలో నీళ్ళు చల్లి, నాలుగు గుడ్డలు మూటగట్టి, బిడ్డను చంకనేసుకుని రోడ్డు వైపు నడిచింది. పుత్తూరు బస్సు ఎక్కితే అక్కడి నుంచి తిరుపతికి వెళ్ళిపోవచ్చు.

రోడ్డు దగ్గరికి వచ్చేసరికి మామ కనిపించాడు. గొర్రెలు రోడ్డంతా పరుచుకుని పోతున్నాయి. ఆయన వాటి మధ్యలో నడుస్తున్నాడు. వెనక నుంచి చెరకు లారీ ఒకటి హారన్ మోగించుకుంటూ వస్తోంది. పక్కకు తప్పుకుంటాడనుకుంది ఆనందమ్మ. ఆయన నడక మారలేదు.

“మామా! లారీ!” అని గొంతు చించుకుని అరిచింది.

బ్రేకులు కీచుమన్నాయి. గొర్రెలు చెల్లాచెదురై ఆయన కాళ్ళకు తగులుతూ పరిగెత్తాయి. అప్పుడు గానీ కుప్పయ్య తిరిగి చూడలేదు. లారీ ఆయన వీపుకు చేయి చాపితే అందేంత దూరంలో ఆగి ఉంది.

“ఏమప్పా పెద్దాయనా! చెవుల్లో సీసం పోసుకున్నావా? ఎంతసేపు కొట్టేది హారను?” డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. కుప్పయ్య అతని నోటి వైపు చూసి, రెండు చేతులూ జోడించాడు. లారీ గొణుక్కుంటూ పోయింది.

ఆనందమ్మ దగ్గరికి వెళ్ళి వెనక నుంచి పిలిచింది. ఆయన తిరగలేదు. ఎన్నడూ లేనిది భుజం మీద చెయ్యి వేసింది. ఉలిక్కిపడి తిరిగిన కుప్పయ్య కళ్ళు ముందు బిడ్డ మీద, తర్వాత మూట మీద పడ్డాయి.

“ఈ మూటేంది? నా మనవణ్ణెత్తుకోని యాడికి పోతాండావు? నాకొక మాటైనా చెప్పకుండా!”

“చెప్పకుండానా?” ఆమెకు దుఃఖం కట్టలు తెంచుకుంది. “పొద్దున్నించీ చెప్తానే ఉండా. వచ్చినకాణ్ణించీ చెప్తానే ఉండా. గోడకు చెప్పినట్టుండాది! నేనేం తప్పు చేసినా మామా? మనిషినేనా నేను నీ కంటికి?”

కుప్పయ్య ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు, ఒక్కొక్క మాటనూ అక్కడ వెతుక్కుంటున్నట్టు. ఆనందమ్మ మాట మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా, పెదవులు విడదీసి అడిగింది.

“నీకు వినపడదా మామా?”

అది అర్థమైంది ఆయనకు. తల దించుకున్నాడు.

“చలికాలంలో జొరమొచ్చి తగ్గినాక కుడి చెవి పోయింది. వాడు మందతో పోయినాక ఎడందీ మూసుకునింది. ఎవరన్నా చెవి పక్కన అరిస్తే ఏదో గుయ్యిమంటాది. మునిరత్నానికి చెప్పొద్దమ్మా. చెవుల్లేనోడి చేతికి మంద ఇస్తాడా? అమ్మేస్తాడు. గొర్రెలు లేకపోతే నేనేం చేసేది?”

ఆమె మూటను రోడ్డు పక్కన దించింది.

“నువ్వేదో చెప్తావు, నాకు అందదు. మళ్ళీ అడిగితే తెలిసిపోతాదని పక్కకు పోతా. నీ మొగం సూస్తే కోపంగా ఉంటాది. టౌను పిల్ల, ఈ గొర్రెల కంపు, ఈ ముసిలోడు పడలేదనుకుంటి.” చేత్తో ముఖం తుడుచుకున్నాడు. “వీడి గొంతెట్టుంటాదో కూడా మర్సిపోయినానమ్మా.”

ఒకే కప్పు కింద, ఒకే కుండలో కూడు తింటూ, ఇద్దరూ చెరొక అడవిలో బతికారు. తనకు కనీసం బిడ్డ కేకలైనా తోడున్నాయి. ఈయనకు అవీ లేవు.

లారీ చప్పుడుకు బెదిరిన ధనంజయ అప్పుడే ఏడుపు అందుకున్నాడు. ఆనందమ్మ మామ చెయ్యి పట్టుకుని, ఆ కాయలు కాచిన అరచేతిని బిడ్డ గుండెల మీద ఆనించింది. కుప్పయ్య ఊపిరి బిగబట్టాడు.

“ఏడస్తాండాడా?”

తల ఊపింది.

“గట్టిగానేనా?”

“కొండ కదిలేటట్టు మామా!”

ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు జారి తెల్లమీసాల్లోకి దిగాయి. పుత్తూరు బస్సు వచ్చి ఆగింది. ఎక్కుతారా అని కండక్టరు అడిగాడు. కుప్పయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“పోమ్మా. మీయమ్మను సూసుకోని రా. నేను అడ్డం రాను.”

ఆనందమ్మ బస్సు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. కండక్టరుకు వద్దని చెయ్యి ఊపి, మామ ఎడమ చెవి దగ్గరికి నోరు తెచ్చి, బస్సులో వాళ్ళంతా నవ్వేటట్టు అరిచింది.

“ఈ పొద్దు నీ మనవడు బోర్లపడినాడు!”

తొలకరికి మునిరత్నం తిరిగొచ్చాడు. సంగతి కుప్పయ్యే నోరు తెరిచి చెప్పాడు. కొడుకు తండ్రి పక్కన కూర్చుని చెవిలో అరిచాడు: “కొండ వైపు మేపుకో నాయనా, రోడ్డు వైపు వద్దు.” గొర్రెలను అమ్మే మాట అతని నోట రానేలేదు.

మరుసటేడు మళ్ళీ మందతో వెళ్ళక తప్పలేదు. ఆ నెలలు ఆనందమ్మకు బరువుగానే గడిచాయి. కానీ ఇల్లు మాత్రం మునుపటిలా లేదు. మామా కోడలూ ఉప్పు గురించీ, మబ్బు గురించీ, పిల్లవాడి పళ్ళ గురించీ గొంతెత్తి మాట్లాడుకునేవారు. కొండదారిన కట్టెలకు పోయేవాళ్ళు మాత్రం, పాపం, ఆ ఇంట్లో పొద్దస్తమానం పోట్లాటే అనుకునేవారు.