పసుపు డ్రమ్ములో తూటా

కోరుట్ల పసుపు మిల్లులో ఏజెంట్ భూమేశ్‌ను కణతకు పిస్టల్ ఆనించి కాల్చారు. పీనుగును బస్తాల కింద కుక్కారు. పసుపు ఘాటుకు నాలుగు రోజుల దాకా వాసన కూడా బయటికి రాలేదు.

పేలిన తూటా ఖాళీ కేసు మాత్రం పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ములో దొరికింది. జగిత్యాలలో 'విత్తనాల పరీక్ష కేంద్రం' అన్న బోర్డు వెనక నడిచే రహస్య ల్యాబ్‌లో ఏజెంట్ సింధూజ దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టింది. కొత్త ఇత్తడి గిన్నెలా మెరుస్తోంది.

"ఇగ ఏం దొర్కుతది సింధూ? డ్రమ్ముల ఏసి గీతలన్నీ అరగదోమిండ్రు," అంది టెక్నీషియన్ హేమలత.

"పైపైన తోమిండ్రక్కా. పిస్టల్ పిన్ను గుద్దిన గుంతలకు పసుపు కొమ్ము పోతదా?"

ప్రతి ఏజెంట్ పిస్టల్‌తో ముందే ఒక రౌండ్ కాల్చి ఆ కేసును డిపార్ట్‌మెంట్ దాచిపెడుతుంది. సింధూజ ఒక్కొక్కటే పక్కన పెట్టి చూసింది. ఏదీ కలవకపోతే బాగుండనుకుంది. పదమూడోది కలిసింది. రెండు కేసుల గుంతల అడుగునా నెలవంకలాంటి అదే నొక్కు.

పిస్టల్ సంజనది. శత్రు ముఠాలో మన తరఫున ఉన్న డబుల్ ఏజెంట్, నవ్వుతోనే తాళాలు తీయించే అందగత్తె. ఈ రోజు మూడింటికి సిరిసిల్లలో చీఫ్ పురుషోత్తం రావు ఆమె చేతికి ఒక చిప్ ఇస్తున్నాడు. అందులో గల్ఫ్‌లోని మన పదకొండు మంది ఇన్‌ఫార్మర్ల పేర్లున్నాయి. ఆరో పేరు సతీశ్, సింధూజ తమ్ముడు.

టైం 2:52. చీఫ్ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మాటలు బయటికి పోకూడదని ఆయన ఎంచుకున్నది వంద మరమగ్గాల షెడ్డు, అక్కడి మాటలో సాంచెల షెడ్డు. ఆ మోతలో రింగ్ ఎవరికి వినబడుతుంది? సింధూజ కళ్ల ముందు బస్తాల కింద భూమేశ్ లేడు, సతీశ్ ఉన్నాడు.

"అక్కా, సిరిసిల్ల సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టు! సాంచెల మనిషి చెయ్యి ఇరికిందని చెప్పు. లైన్ బంద్ చెయ్యమను!"

2:59. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో చీఫ్ జేబులో ఫోన్ మోగింది. చిప్ అప్పటికే సంజన గోళ్లకు తగులుతోంది.

"సార్, పసుపుకు పుచ్చు పట్టింది." ద్రోహి దొరికితే చెప్పాల్సిన కోడ్ అది.

"ఏ బస్తా?"

"మీ ఎదురుంగ ఉన్నదే."

సంజన చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. చీఫ్ తూటా ఆమె మోకాలు పగలగొట్టింది.

"సార్... ఒక్క మాట..."

"భూమేశ్‌ను ఒక్క మాట మాట్లాడనిచ్చినవా?"

రెండోది నుదుట దిగింది. ఫోన్‌లో అంతా విన్న సింధూజకు జాలి కలగలేదు. తమ్ముడు బతికాడు, అంతే.

పక్క మగ్గం మీద నేతగాడు నర్సింగం తను నేస్తున్న చీర అంచుకు చిందిన నెత్తుటి చుక్కలను వేలితో తుడిచి చూసుకున్నాడు.

"ఎర్రంచు చీర, నయమాయె సారూ. ఇగ కరెంటు ఇయ్యమనుండ్రి."