ఆన్ చేస్తే గోపయ్య పిలుస్తాడు

"మీరేనా కంప్యూటర్ రాజేశ్? పొద్దుగాల రమ్మంటే పొద్దుగూకే యాళ్లకు వచ్చిన్రు," అంది శైలజ, తలుపుకు అడ్డంగా నిలబడి.

"ఆత్మకూరు నుంచి మీ ఊరి రోడ్డు మీద బండి తోలి చూడున్రి, తెలుస్తది. లోపటికి రానిస్తరా, గడపలనే రిపేర్ చెయ్యాల్నా?"

ఆమె పక్కకు జరిగింది. నవ్వు ఆపుకోవడం రాజేశ్ కనిపెట్టాడు. అంత దూరం వచ్చినందుకు గిట్టుబాటైందనిపించింది.

కంప్యూటర్ వెనక గదిలో, కిటికీ పక్కన ఉంది. దానికి పండగ పాటలు పెట్టేంత పెద్ద స్పీకర్లు. బయట గొర్రెల దొడ్డి, దాని వెనక గుట్ట.

"ప్రాబ్లం ఏంది?"

"ఆన్ చెయ్యున్రి."

తెర వెలిగిందో లేదో, స్పీకర్లలోంచి ముసలి గొంతు ఒకటి లేచింది. "డ్రియ్యో... హోయ్... రాండ్రి..." మధ్యలో చిన్న దగ్గు. మళ్లీ పిలుపు.

గుట్ట మీది గొర్రెలన్నీ ఒక్కసారే తలలెత్తాయి. ఒక్కటి కూడా అరవకుండా దిగి వచ్చి, కిటికీ ముందు నిలబడి లోపలికి చూశాయి. రాజేశ్‌ను కాదు, అతని వెనక ఎవరో ఉన్నట్టు చూస్తున్నాయి. అతనికి తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

"ఎవరిదా గొంతు?"

"మా నాయిన గోపయ్యది. పోయిన ఎండాకాలం చనిపోయిండు. నేను పాలమూరు హాస్టల్ల ఉన్నప్పుడు ఎవరో దీంట్ల పెట్టిన్రు. అమ్మనడిగితే చెప్పదు."

గడప దగ్గర చెంబు పెట్టిన చప్పుడైంది. శైలజ గొంతు తగ్గించింది.

"గదో. ఈ పిలుపు వినంగనే మా అమ్మ చెంబుల నీళ్లు పెడ్తది, నాయిన కాళ్లు కడుక్కొని లోపటికొస్తడన్నట్టు. ఆమెకు ఏమన్న అయితదని భయమైతాంది. జర ఆపున్రి."

రాజేశ్ స్టార్టప్ లిస్టు తెరిచాడు. అక్కరలేని గేములు, చాటింగ్ యాప్‌లు, చివర్న 'మంద' అని ఒకటి. అన్నింటినీ డిసేబుల్ చేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. తెర నిశ్శబ్దంగా వెలిగింది.

"తీసేసిన్రా?"

"తీసెయ్యలే, ఆపిన. ఆన్ కాంగనే దానంతటది మోగదు, గంతే. గొంతు లోపల్నే ఉంది."

"ఎందుకు ఉంచిన్రు?"

"మళ్ల రావాల్నంటే సాకు ఉండాలె గద."

శైలజ ఫోన్ ఛార్జర్ వైరు అక్కరలేకుండానే చుట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు సాయంత్రం ఎవరూ పిలవకుండానే వచ్చాడు. అప్పుడే వాన మొదలైంది, కరెంటు పోయింది. తల్లీకూతుళ్లిద్దరూ దొడ్డి దగ్గర తడుస్తూ గుట్ట వైపు చూస్తున్నారు. మంద దిగిరాలేదు.

"మోకాళ్లు పట్టుకపోయినంక మీ నాయిననే పెట్టిపిచ్చుకున్నడు బిడ్డా, మందను దించనీకె," అంది తల్లి బక్కమ్మ. "నేనెంత పిలిచినా దిగుతలెవ్వు. చీకటి పడ్తే తోడేళ్లు ఒక్కదాన్ని ఉంచయి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె వింటివా? అడిగినప్పుడల్ల ఆపుమనే అంటివి. మీ నాయిన గొంతు విననీకె నీ మనసు తట్టుకోకపాయె."

రాజేశ్ నోటికి రెండు చేతులూ అడ్డంపెట్టి పిలిచాడు. ఒక పొట్టేలు మర్యాదగా తిరిగి చూసి, మళ్లీ అటు తిరిగింది. ఇంకో సమయంలో అయితే శైలజ నవ్వేది.

ఆమె కళ్లు మూసుకుంది. నోరు తెరిచింది.

"డ్రియ్యో... హోయ్... రాండ్రి..."

అది ఆడపిల్ల గొంతు కాదు. అచ్చం గోపయ్య గొంతు. మధ్యలో ఆ చిన్న దగ్గు కూడా వచ్చింది. శైలజ భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గుట్ట కదిలింది. గొర్రెలు వానలోంచి చప్పుడు లేకుండా దిగి వచ్చి, ఆమె ముందు ఆగి, ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తూ నిలబడ్డాయి.

"నా ఎనక ఎవరన్న ఉన్నరా?" అంది ఆమె, తిరగకుండానే.

"నేనున్న."

"రేపు కూడా ఉంటరా?"

"రేపొక్కనాడు ఎందుకు? నువ్వంటే నాకిష్టం శైలజా. రానిస్తే రోజూ ఉంట."

శైలజ చెయ్యి వెనక్కి చాపి, తడిసిన అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది.

మంద దొడ్డిలోకి వెళ్లింది. బక్కమ్మ ఇంట్లోకి పోయి, నీళ్ల చెంబుతో గడప బయటికి వచ్చింది. రోజూ పెట్టే చోటనే వంగి, ఆగింది. కాసేపు కూతురి చేతిని చూసింది. తర్వాత నాలుగడుగులు ముందుకొచ్చి, చెంబును రాజేశ్ ముందు పెట్టింది.

"కాళ్లు కడుక్కొని లోపటికి రా, బిడ్డా."