ఏడో గుంపు సగటు

2091 నాటికి విశాఖ తీరానికి తొంభై కిలోమీటర్ల దూరంలో, సముద్రం అడుగున లోహాలు తవ్వే స్టేషన్‌లో నాలుగు వందల మంది ఉండేవారు. పొద్దున్నే మనోమాపని అనే యంత్రం అడిగే పది ప్రశ్నలకు జవాబులు నొక్కాకే ఎవరైనా పనిలోకి వెళ్ళేది. నిద్ర పట్టిందా, చేతులు వణుకుతున్నాయా, గోడలు మీదికొస్తున్నట్టుందా, అలాంటివి. ఆందోళన అంకె అరవై దాటితే ఆ రోజు బయటి గోడ మీద పని ఉండదు. మూడుసార్లు దాటితే ఒడ్డుకు పంపేస్తారు. ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్ళూ రోజూ నొక్కాల్సిందే.

ఆ యంత్రానికి లెక్క నేర్పిందీ, రోజూ పని అనుమతుల మీద సంతకం పెట్టేదీ వకుళ. ఒక మనిషి ఒక్క పూట చెప్పిన మాటను పూర్తిగా నమ్మలేమని, అతను పనిచేసే గుంపును, ఆ గుంపు ఉన్న స్టేషన్‌ను కూడా కలిపి చూడాలని ఆమె వాదన. కొత్తవాళ్ళ జవాబులు కొద్దిగానే ఉంటాయి గనక వాళ్ళ అంకెను గుంపు సగటు వైపు గట్టిగా లాగాలి. దానికి సగటుమొగ్గు అని పేరు పెట్టింది. పదేళ్ళుగా ఎవరూ తప్పు పట్టలేదు.

తవిటినాయుడు ఏడో గుంపులో వెల్డరుగా చేరి తొమ్మిది రోజులైంది. అతని జవాబుల అంకె రోజూ ఎనభై నాలుగు. గుంపు సగటు పద్దెనిమిది. మనోమాపని రెంటినీ కలిపి నలభై ఒకటని తేల్చింది. తొమ్మిదో రోజు పొద్దున ఆ తేడా వకుళ కంటపడింది. కొత్తవాడి బెదురులే అనుకుని సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నం బయటి గోడ మీద అతని చేయి వణికి, వెల్డింగు టార్చి జారి, కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి.

వకుళ స్టేషన్‌లోని ఆస్పత్రి గదికి వెళ్ళింది.

"రోజూ ఉన్నదే సెప్పాను గదమ్మా. మరి మిషను ఇన్నేదేటి?" అన్నాడతను, కోపం లేకుండా.

తిట్టినా ఆమెకు కాస్త తేలికగా ఉండేది. అక్కణ్ణుంచి నేరుగా ఏడో గుంపు మేస్త్రీ ఎస్తేరు దగ్గరికి వెళ్ళింది.

"మీలో ఇంకెవరికీ చేతులు వణకవా?"

ఎస్తేరు తన చేతిని బల్ల మీద పరిచింది. అది సన్నగా వణుకుతోంది.

"పన్నెండు మందికీ ఇంతేనమ్మా. ఒడ్డుకి పంపేత్తారని బాగున్నామనే నొక్కుతాం. మాలాగే నొక్కరా అని ఆడికీ సెప్పాం. మిషనుకాడ అబద్దమేటన్నాడు."

పన్నెండు అబద్ధాల వైపు ఒక్క నిజాన్ని లాగేసింది తన లెక్కే. వకుళ వారం రోజులు కూర్చుని సగటుమొగ్గును తీసేసింది. ఇక ఎవరి జవాబు వారిదే.

మర్నాడు పొద్దున్నే మనోమాపనిని అడిగింది: "తవిటినాయుడు అంకె ఎంత?"

"పద్దెనిమిది."

"గుంపును కలిపావా?"

"లేదు. అవి అతను నొక్కిన జవాబులే."

ఆమె ఆస్పత్రి గదికి పరుగున వెళ్ళింది. అతను ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని ఉన్నాడు. నీళ్ళు దుప్పటి మీద ఒలుకుతున్నాయి.

"ఎందుకలా నొక్కావు నాయుడూ?"

"పైకి పంపేత్తే ఈ సేత్తో నాకు పనెవులిత్తారమ్మా?" అతను తల దించుకున్నాడు. "ఎస్తేరక్క సెప్పినట్టే నొక్కాను."

ఆమె లెక్కలోంచి తీసేసిన మొగ్గును అతను తన చేత్తోనే వేసుకున్నాడు.

ఈసారైనా తప్పు చేయకూడదనుకుని వకుళ ఆ పూట ఏడో గుంపులో ఎవరికీ పని అనుమతి సంతకం పెట్టలేదు. మధ్యాహ్నానికి పై అధికారుల నుంచి ఉత్తర్వు వచ్చింది. పని అనుమతి లేని గుంపు ఇక్కడ అక్కర్లేదని, పదమూడు మందినీ ఒడ్డుకు పంపేయమని. మొదటి పేరు తవిటినాయుడిది.