చెప్పమాకు అన్న మాట

"ఆపు, ఆపు!" అంటూ మస్తానయ్య మాస్టారు బల్ల మీద తట్టారు.

వరలక్ష్మి సగంలో ఆగిపోయింది. ఎల్లుండే డిబేటు. 'ఆడపిల్లలకు చదువు అవసరమా?' అన్నది విషయం. అవసరమని వరలక్ష్మి, అక్కర్లేదని ఇక్బాల్ మాట్లాడాలి. గెలిచినవాళ్ళను మాస్టారు నరసరావుపేట పోటీకి తీసుకెళతారు. ఆ మాచర్ల బడి నుంచి ఇంతవరకూ ఏ ఆడపిల్లా అక్కడికి వెళ్ళలేదు.

"గొంతు బాగుందమ్మాయ్. కానీ అన్నీ పుస్తకంలో మాటలే. ఎవరికన్నా నిజంగా జరిగింది చెప్పు. అప్పుడు వింటారు" అన్నారు మాస్టారు.

సాయంత్రం బడి వెనక పేర్చిన నాపరాళ్ళ మీద కూర్చుని వరలక్ష్మి మళ్ళీ మొదలుపెట్టింది. ఎదురుగా స్నేహితురాలు పాపమ్మ. రోజూ సాధనలో ఇక్బాల్ తరఫున అడ్డు ప్రశ్నలు వేసేది పాపమ్మే. వాళ్ళది క్వారీలో రాళ్ళు కొట్టే కుటుంబం. తల్లి లేదు. అమ్మమ్మ రత్తమ్మ పెంచుతోంది.

"నిజంగా జరిగింది చెప్పాలంటే నాకేం జరిగిందే?" అంది వరలక్ష్మి విసుగ్గా.

పాపమ్మ కాసేపు గోళ్ళు గిల్లుకుంది.

"మా అమ్మకి దగ్గొస్తే ఆసుపత్రిలో మందిచ్చారు. నడుముకి రాసుకునే మందు సీసా కూడా ఇంట్లోనే ఉంది. రెండూ ఒకే తీరుగా ఉండేయి. పైన కాయితం అంటించే ఉంది గానీ, నాకు అప్పుడు చదవటం రాదు. మందు తెమ్మంటే, రాసుకునేది తెచ్చి నేనే తాగించా. అమ్మ ఇంక బతకలా. అందుకే ఏడ్చి బళ్ళో చేరా."

వరలక్ష్మి దగ్గరికి జరిగింది.

"అమ్మే పొరపాటున తాగిందని మా అమ్మమ్మ అనుకుంటంది. ఎవరికీ చెప్పమాకు."

"ఛ, నేనెందుకు చెబుతానే!" అని వరలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ మాట మనసారా అన్నదే.

డిబేటు రోజు హాలు నిండిపోయింది. తన స్నేహితురాలు మాట్లాడుతుందని పాపమ్మ అమ్మమ్మను కూడా వెంటబెట్టుకొచ్చి ముందు చాప మీద కూర్చోబెట్టింది.

ఇక్బాల్ ముందు మాట్లాడాడు. చదువుకున్న కోడలు అన్నం మాడబెట్టి, అది ఎందుకు మాడిందో ఇంగ్లీషులో చెబుతుందన్నాడు. హాలంతా నవ్వింది.

వరలక్ష్మి లేచింది. బట్టీ పట్టిన మాటలు ఒక్కొక్కటే చెప్పింది. వెనక ఎవరో ఆవలించారు. మగపిల్లలు గుసగుసలాడుతున్నారు. నరసరావుపేట చేజారిపోతోందని ఆమెకు అర్థమైంది.

"ఒక అమ్మాయికి జరిగింది చెబుతాను, వినండి" అనేసింది.

సీసా సంగతి మొత్తం చెప్పింది. హాలు నిశ్శబ్దమైపోయింది. తన మాట కోసం అంతమంది ఊపిరి బిగపట్టడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఆ నిశ్శబ్దం తియ్యగా అనిపించింది. ఇంకొంచెం కావాలనిపించింది.

"ఆ సీసా అందించిన చెయ్యి ఎక్కడో లేదు. ఈ గదిలోనే ఉంది!"

తల్లి లేని ఆడపిల్ల ఆ బళ్ళో ఒక్కతే. తలలన్నీ పాపమ్మ వైపు తిరిగాయి. చప్పట్లు మోగాయి. అవి సద్దుమణిగాక రత్తమ్మ గొంతు వినిపించింది.

"ఏమే... నువ్వా ఇచ్చింది?"

పాపమ్మ తల ఎత్తలేదు.

బహుమతి వరలక్ష్మికే వచ్చింది. మరుసటి రోజు పాపమ్మ బడికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. వరలక్ష్మి వెతుక్కుంటూ క్వారీకి వెళ్ళింది. పాపమ్మ రాతిముక్కలు గంపకు ఎత్తుతోంది.

"నేను నీ పేరు చెప్పలేదే" అంది వరలక్ష్మి.

"అదొక్కటే చెప్పలా."

"మీ అమ్మమ్మ నన్ను తిడుతోందా?"

"నిన్నేమీ అనట్లా. నాతోనే మాట్లాట్టం మానేసింది."

"తప్పు నాదని నేనొచ్చి చెబుతా."

"ఏమని చెబుతావు? నేను ఇయ్యలేదని చెబుతావా?" అని పాపమ్మ గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

నరసరావుపేటలో పోటీ పెద్ద హాల్లో జరిగింది. వరలక్ష్మి పేరు పిలవగానే మాస్టారు వంగి, "ఆ సీసా సంగతి చివర్లో చెప్పు. అక్కడే గెలవాలి" అన్నారు.

వరలక్ష్మి మాట్లాడింది. చివరికి వచ్చింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. మాస్టారు కళ్ళతోనే కానివ్వమన్నారు. నోటి దాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. "సెలవు" అని దణ్ణం పెట్టి దిగిపోయింది. ఏవో నాలుగు చప్పట్లు పడ్డాయి. బహుమతి ఇంకెవరికో వెళ్ళింది.

తిరుగు రైలు నడికుడి దాటింది. మాస్టారు, "గెలిచే పోటీని చేతులారా పోగొట్టావు. ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"చెప్పమాకు అని నాతో ముందే అన్నదండీ, పాపమ్మ."

మాస్టారు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు.

మర్నాడు బడికి వెళుతుంటే పాపమ్మ గంపతో ఎదురొచ్చింది. 'అక్కడ నేను చెప్పలేదే' అనాలని వరలక్ష్మికి గొంతు దాకా వచ్చింది. అంటే మెచ్చుకోమని అడిగినట్టే ఉంటుందనిపించి ఊరుకుంది. సన్నటి బాట. వరలక్ష్మి ముళ్ళకంపల్లోకి దిగి దారి ఇచ్చింది.

పాపమ్మ ఆమె వైపు చూడకుండానే దాటిపోయింది.