నిటారుగా నిలబడు నాయనా!

"మేడమ్, మా నాయనకు ఏం రోగం లేదని ఒక్క మాట చెప్పండి. పోతాం."

ప్రొద్దుటూరులో జిమ్ నడిపే రాఘవేంద్ర, ఫిజియోథెరపిస్ట్ నందినితో అన్న మొదటి మాట ఇదే. అదీ ఛాతీ విరుచుకొని మరీ అన్నాడు.

"లేదని నీకెవరు చెప్పినారప్పా?"

"చెప్పేదేంది? మా ఊరు పెద్దముడియం నుంచి జమ్మలమడుగు దాకా సైకిల్ తొక్కుతాడు. రేషన్ షాపుకు నడవమంటే నూరడుగులకే కూలబడతాడు. ఊరంతా నవ్వుతాండారు. దొంగేషాలని నేనూ అందరి ముందరే అన్న్యా."

వెంకటేశు తల దించుకున్నాడు. గొర్రెలు కాసి కొడుకును చదివించిన మనిషి, ఆ కొడుకు నోటనే దొంగయ్యాడు.

నందిని ఆయన కాళ్లు పరీక్షించింది. "మామా, నిలబడితే కాళ్లు గుంజుతాయా? వొంగితే నెమ్మదిస్తాదా?"

"ఔను తల్లీ. సైకిల్ మీద వొంగుతా కదా, ఏం ఉండదు. వీడేమో రోజూ నిటారుగా నిలబెట్టి ఎనక్కి వంచుతాండాడు."

నందిని రాఘవేంద్ర వైపు తిరిగింది. "నీ కండలకో దండం! వెన్నెముకలో నరాలు పోయే దోవ ఇరుకైతే స్టెనోసిస్ అంటారు. ఎనక్కి వొంగితే ఇంకా ఇరుకైతాది, ముందుకు వొంగితే కొంచెం విడుస్తాది. నువ్వు చేయించింది కసరత్తు కాదు, నరాలు నలపడం."

ఇన్ని చీవాట్లలో మనవాడి చెవికెక్కింది ఒక్కటే: మామా! మా నాయన ఆమెకు మామైతే నేనేమవుతాను? మురిసిపోతూ బయటికి రాగానే లోపల్నుంచి కేక వినబడింది. "వాచ్‌మన్ మామా, తర్వాతోళ్లను పంపు!"

రెండు నెలలు ముందుకు వంగే వ్యాయామాలు, మాత్రలు, నడుముకు ఒక ఇంజెక్షన్ అయ్యాయి. నొప్పి తగ్గినట్టే తగ్గి, ఎడమ పాదం ఈడ్చుకుపోవడం మొదలైంది. స్కాన్ చూసిన సర్జన్, ఎముక కొంచెం తొలిచి దోవ వెడల్పు చేయాలన్నాడు. ఆలస్యమైతే పాదానికి బలం తిరిగి రాకపోవచ్చన్నాడు.

వెంకటేశు ససేమిరా అన్నాడు. "దొంగేషాలకు ఆపరేషన్ ఎందుకురా?"

రాఘవేంద్ర నందిని దగ్గరికి పరుగెత్తాడు. "నువ్వు చెప్తే వింటాడు."

"నరాల సంగతి నేను చెప్పినా. నువ్వు ఊర్లో అన్న్యావు, ఊర్లోనే చెప్పుకో పో."

మరుసటి పొద్దున రాఘవేంద్ర నాయనను బండి మీద తీసుకొచ్చి, రేషన్ షాపు క్యూ ముందు నిలబడ్డాడు. "మా నాయనవి దొంగేషాలు కాదు. నాకే తెలివి లేదు. ఆయన కాలు పోతాంటే నేను నగినా." పెద్దముడియం జనం సిక్స్‌ప్యాక్ వెక్కి వెక్కి ఏడవడం చూడటం అదే మొదలు.

"ఊరుకోరా, నగుబాటు," అన్నాడు వెంకటేశు, కళ్లు తుడుచుకుంటూ. ఆ సాయంత్రమే ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు గండి ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్లారు. వెంకటేశు రమ్మంటే నందినీ వచ్చింది. బొటనవేలికి ఇంకా తిమ్మిరి ఉన్నా, ఆయన ఎక్కడా కూర్చోకుండా నడిచాడు.

"నందినీ, నువ్వంటే నాకు శానా ఇష్టం. పెండ్లి చేసుకుందామా?" నాయన ముందరే అడిగేశాడు రాఘవేంద్ర.

"క్యూలో ఏడ్చినావని విన్న రోజే మా ఇంట్లో చెప్పేసినా."

"ఏందమ్మా, నన్ను అడగరా?" వెంకటేశు కసిరాడు.

"అడుగుతాండా. మీ కొడుకును ఇస్తారా?"

ఆయన కొడుకును ఎగాదిగా చూశాడు. "తీసుకపో తల్లీ. వాపసు తెస్తే మాత్రం తీసుకోను."