ముప్ఫై మూడు రోజుల ఊరు

"ఇంకొక్క అడుగు నా వెనక వేశారంటే అరిచి గోల చేస్తాను!"

మందుల షాపు ముందు గిరుక్కున తిరిగి ఆమె అలా అనేసరికి, వెనక వస్తున్న మనిషి గొడుగుతో సహా ఆగిపోయాడు. చినుకులు పడుతున్నాయి. అతని చేతిలో ఫ్లాస్కు, చంకలో ఆస్పత్రి ఫైలు.

"అరవండి, మంచిదే. కానీ నేనూ మీరు దిగిన లాడ్జికే వెళ్లాలండీ. మూడో అంతస్తు. నెల రోజులుగా ఇక్కడ మా అమ్మకి వైద్యం చేయిస్తున్నాను."

ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరు. గొంతు క్యాన్సరు వచ్చిన తండ్రిని తీసుకుని ఈ మహానగరానికి వచ్చి రెండు రోజులే అయింది. ముప్ఫై మూడు రోజులు రేడియేషన్ ఇవ్వాలన్నారు. దిగిన రోజే ఎవడో "రూమ్ కావాలా మేడమ్" అంటూ లాడ్జి గుమ్మం దాకా వెంటపడ్డాడు. అప్పటి నుంచి నీడను చూసినా ఉలిక్కిపడుతోంది.

"సారీ అండీ."

"సారీ ఎందుకు? ఒక్క మాట. ఫోన్లో దారి చూసుకుంటూ నడవకండి, కొత్తవాళ్లని ఇట్టే తెలిసిపోతుంది. ఇద్దరు మగాళ్లు ముందే కూర్చున్న షేర్ ఆటో అసలు ఎక్కకండి. పొద్దున ఏడూ పది బస్సు..."

"మీరు లెక్చరరా?"

"లిఫ్ట్ మెకానిక్‌ని."

"మరి ఇన్ని జాగ్రత్తలా?"

"తాడు తెగాక చూసుకునే ఉద్యోగం కాదండీ మాది."

ఆమెకు నవ్వొచ్చింది. గదికి చేరేలోపే ఒళ్లు మండింది కూడా. అడక్కుండానే ఇన్ని నీతులా!

ఆరో రోజు మధ్యాహ్నం తండ్రికి కావాల్సిన ఇంజెక్షన్ ఆస్పత్రిలో దొరకలేదు. డాక్టరు గంటలో తెమ్మన్నాడు. హడావిడిలో ఆమె ఆగిన మొదటి ఆటో ఎక్కేసింది. లోపల అప్పటికే ఇద్దరున్నారు.

రెండు మలుపుల తర్వాత ఆటో మెయిన్ రోడ్డు వదిలేసింది.

"అన్నా, ఇటు కాదు కదా?"

"షార్ట్‌కట్ మేడమ్," అన్నాడు డ్రైవరు, తల తిప్పకుండానే.

పక్కనున్నవాడి చెయ్యి ఆమె బ్యాగు మీద పడింది, తర్వాత మణికట్టు మీద. గుంత దగ్గర ఆటో నెమ్మదించగానే ఆమె చెయ్యి విదిలించుకుని దూకేసింది. బ్యాగు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. అరిచేతులు, మోకాళ్లు కంకర మీద చీరుకుపోయాయి.

ఎలా నడిచిందో, ఎవరిని దారి అడిగిందో గుర్తులేదు. ఆస్పత్రి హాల్లో తండ్రి పక్కన మెకానిక్, వాళ్లమ్మ కూర్చుని ఉన్నారు. "నేను ముందే చెప్పానా" అంటాడని ఆమె పళ్లు బిగించింది.

అతను అనలేదు. నర్సును పిలిచి గాయాలు కడిగించాడు. ఇంజెక్షన్ తనే వెళ్లి తెచ్చాడు. తర్వాత పోలీస్ స్టేషన్లో బల్ల మీద ఆమె పక్కన మూడు గంటలు కూర్చున్నాడు. ఫిర్యాదు రాసుకునే ఆయన "ఒంటరిగా ఎందుకు ఎక్కారు?" అని రెండోసారి అడిగినప్పుడు మాత్రం, "ఆటో నంబరు చెప్తున్నారు కదండీ, ముందు అది రాయండి," అన్నాడు.

మర్నాటి నుంచి నలుగురూ ఒకే బస్సు.

"మావాడు లిఫ్టులతో తప్ప ఆడపిల్లలతో మాట్లాడగా నేను చూళ్లేదమ్మా," అనేది పెద్దావిడ, ఆయాసపడుతూనే.

"అమ్మా!"

"లిఫ్టయితే నొక్కగానే నోరు తెరుస్తుంది," అన్నాడు తండ్రి బొంగురు గొంతుతో. వచ్చిన తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అది.

ఇరవై రెండో రోజు ఉదయం పెద్దావిడ ఊపిరి ఆగిపోయింది.

అన్ని దారులూ తెలిసిన మనిషి వార్డు బయట గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. కాగితాల కోసం ఈ కౌంటరుకీ ఆ కౌంటరుకీ తిరిగింది ఆమే. అంబులెన్సు మాట్లాడిందీ ఆమే. ఎక్కబోతూ అతను, "ఏడూ పది బస్సే ఎక్కండి," అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఆమె మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

చివరి రోజు డాక్టరు, "గడ్డ తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను. మూడు నెలలకి రండి," అన్నాడు. వానలో తడుస్తూ లాడ్జికి వచ్చేసరికి మెట్ల మీద అతనున్నాడు. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి.

"ఏం బాబూ, ఇక్కడ నీకింకేం పని?" అన్నాడు తండ్రి.

"ఇవాళ మీకు ఆఖరి రోజు కదండీ. రైలెక్కిద్దామని."

"ఫోన్ ఎందుకెత్తలేదు?" అని నిలదీసింది ఆమె.

"ఎత్తితే ఏడ్చేవాణ్ని. మీకున్న ఏడుపు చాలదా?"

"నా సంగతి నేను చూసుకుంటాను. ఒక్కరే కూర్చుని ఏడవమని మీకెవరు చెప్పారు?"

అతను తడిసిన చెప్పుల వంక చూశాడు. "మళ్లీ చూపించుకోడానికి మీరు వచ్చినప్పుడు నేనూ వస్తాను. ఈలోగా మీ ఇంటికి రావాలనుంది. రమ్మంటేనే."

ఆమె తండ్రి వైపు చూసింది. తండ్రే గొంతు పట్టుకుని, ఒక్కో మాటా కూడదీసుకున్నాడు.

"నేనెన్నాళ్లుంటానో తెలీదు. నా కోసం తొందరపడకండి. అలాగని నా కోసం ఆగనూ వద్దు."

అతను పెద్ద సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఒక పిడి తను పట్టుకుని, రెండోది అతనికి చూపించింది.